సకుమ బండి తేలికైన కథ

సకుమ తోయామా పట్నంలో ట్రామ్ నడిపి రిటైరైనవాడు. ట్రామ్ కదిలించేముందు వేలు చాపి, కళ్లతో చూసి, "ముందు సరి" అని పైకి చెప్పాలి. చూడనిదాన్ని సరి అనకూడదు. ఉద్యోగం అయిపోయినా ఆ వేలు మాత్రం ఊరుకోలేదు. గ్యాస్ కట్టేసినా చాపేవాడు, తలుపుకి తాళం వేసినా చాపేవాడు.

మోటార్‌సైకిల్ ఎక్కితే ఇక చెప్పనక్కర్లేదు. "ముందు సరి. వెనక?" అని అడిగేవాడు. వెనక కూర్చున్న భార్య నొబుయె భుజం తట్టి "వెనక సరి" అనాలి. ఒకసారి ఆవిడ అలిగి నోరు విప్పకపోతే పెట్రోలు బంకులో అలాగే నిలబడిపోయారు. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయారు.

అది బండి కాదు, చిన్నపాటి సంసారం. ముందు పెద్ద గాలి అద్దం, అటూ ఇటూ పెట్టెలు, వెనక నొబుయె వీపు ఆనించుకోవడానికి మెత్త. ఒక పెట్టెలో ఎప్పుడూ ఎండిన సముద్రపు నాచు తురుము చుట్టిన అన్నం ముద్దలు ఉండేవి.

నొబుయె పోయి రెండేళ్లయింది. సకుమ ఇప్పటికీ "వెనక?" అని అడిగి, ఒక్క క్షణం ఆగి, జవాబు వచ్చినట్టే బయల్దేరుతున్నాడు. ఆ మధ్య అదే బంకులో బండి ఒరిగి పడింది. ఎంత తంటాలు పడినా లేవలేదు. ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి లేపి, "జాగ్రత్త తాతగారూ" అని పోయారు. బండి పడ్డందుకు కాదు, ఆ మాటకి సకుమకు తల కొట్టేసినట్టయింది.

గ్యారేజీ ఇవసె అతని చిన్ననాటి స్నేహితుడు. వెక్కిరించందే వాడికి పూట గడవదు.

"దీన్నన్నా అమ్మెయ్, బరువన్నా దించెయ్. నువ్వు దాన్ని నడపట్లేదురా, అదే నిన్ను మోసుకు తిరుగుతోంది."

అమ్మేస్తే ఇక మిగిలేది టీవీ, గోడలు. దించేద్దామన్నాడు సకుమ.

మంచు కురిసినన్నాళ్లూ ఇద్దరూ కూర్చుని విప్పారు. పెట్టెలు పోయాయి, అద్దం పోయింది, ఇవసె వెనక మడ్‌గార్డు కోసి పొట్టి చేశాడు. వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి సకుమ టీ పెడతానని లోపలికి తప్పుకున్నాడు. తిరిగొచ్చేసరికి సీటు నేలమీద ఉంది. ఇవసె దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక్క వెక్కిరింత కూడా లేదు. అదే సకుమకు ఎక్కువ బాధ కలిగించింది.

వెనక ఫుట్‌రెస్టులు కూడా తీసెయ్యాలని ఇవసె గుర్తుచేశాడు. అవి ఇంటి దగ్గర విప్పుకుంటానన్నాడు సకుమ. తియ్యలేదు.

బండి రూపం మారిస్తే సర్కారు తనిఖీ తప్పదు. తనిఖీ రోజు ఉదయం ఆఫీసరు చిన్న సుత్తితో బోల్టులు తట్టుకుంటూ వచ్చి వెనక ఆగిపోయాడు.

"సీటు లేదు, ఫుట్‌రెస్టులున్నాయి. బండి ఇద్దరికా అండీ, ఒక్కరికా?"

ఇద్దరికైతే సీటు బిగించుకు రావాలి, ఒక్కరికైతే ఇవి తియ్యాలి, ఏదో ఒకటి చెప్పమన్నాడు. అతని తప్పేం లేదు, వెనక వరస పెరుగుతోంది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకీ "పరవాలేదు" అని నెట్టుకొచ్చిన సకుమకు ఇక్కడ ఆ మాట పనికిరాలేదు.

"ఒక్కరికే," అన్నాడు.

స్పానర్ అడిగి తీసుకుని తనే కూర్చున్నాడు. ఎడమవైపుది ఇట్టే వచ్చేసింది. కుడివైపుది తుప్పు పట్టి మొరాయించింది. చేతులు నల్లగా మాసిపోయాక అదీ ఊడింది. రెంటినీ కోటు జేబుల్లో వేసుకున్నాడు.

బండి పాసైంది. స్టాండు తీస్తే ఒక్క చేత్తో నిలబడింది. గేటు బయట రోడ్డుమీదికి తోసుకొచ్చి, ఎక్కి వేలు చాపాడు.

"ముందు సరి. వెనక?"

ఈసారి తల తిప్పి చూశాడు. సీటు ఉన్నచోట వట్టి ఇనుము, దాని వెనక ఖాళీ రోడ్డు. చూడనిదాన్నే రెండేళ్లుగా సరి అనుకుంటూ వచ్చాడు.

"వెనక ఎవరూ లేరు," అని పైకే చెప్పి, బండి కదిలించాడు.