జిగురు కలిపిన బొమ్మ

పర్శరాములు తాతకు రెండే రెండు పనులు సరిగ్గా వచ్చు. ఒకటి బొమ్మలు గీయడం, రెండోది గీసినందుకు తిట్లు తినడం. మొదటిది ఫ్లెక్సీలు వచ్చాక పోయింది. రెండోది భార్య సమ్మవ్వ పుణ్యాన ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

లక్సెట్టిపేట దగ్గరి ఆ ఊళ్లో ఒకప్పుడు ఓట్లు వచ్చాయంటే గోడలకు నోళ్లు వచ్చేవి. ఆ నోళ్లన్నీ తాత పెట్టినవే. పొద్దున ఒక పార్టీ వాళ్లు పిలిచి, అవతలివాడిని కుర్చీకి అతుక్కున్న జలగలా గీయించుకునేవారు. సాయంత్రం ఆ అవతలివాడే వచ్చి, ఇవతలివాడిని అయిదేళ్లకోసారి లేచే కుంభకర్ణుడిలా గీయించుకునేవాడు. తాత ఇద్దరి దగ్గరా చాయ్ తాగేవాడు. ఓటు ఎవరికి వేశాడో మాత్రం సమ్మవ్వకు కూడా చెప్పేవాడు కాదు. సున్నం, నీలిమందు, దీపం మసి, ఈతపుల్ల నమిలి చేసుకున్న కుంచె, అదీ సరంజామా. నియమం ఒక్కటే: ఎలక్షన్ బొమ్మకు తుమ్మజిగురు కలపకూడదు. ఓట్లు అయిపోయాక ఒక్క పూత సున్నం కొడితే బొమ్మ పోవాలి. గెలిచినవాడూ ఓడినవాడూ మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా!

ఆ నియమం తాత ఒక్కసారే తప్పాడు, ముప్పై ఏళ్ల కింద, బస్ స్టేజీ పక్కన మూతబడ్డ రైసుమిల్లు గోడ మీద.

ఆ ఏడు సర్పంచ్‌గా నిలబడింది హనుమండ్లు, తాతకు చిన్ననాటి దోస్తు. ఊరందరికీ స్లాబు ఇళ్లు కట్టిస్తానని చేతులు జోడించుకుని తిరిగేవాడు. ఒకరోజు తాత వాళ్ల గూనపెంకుల ఇంట్లో చాయ్ తాగుతుంటే, హనుమండ్లు భార్య బుచ్చవ్వ పొయ్యి దగ్గర నుంచే అంది:

"ఊరికి స్లాబులు పోస్తడట! ముందుగాల మనింటి గూన సదురుమను, పర్శరాములన్నా. మొన్నటి వానకు బియ్యం గంజు నిండా నీళ్లే."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఇద్దరు నవ్వి మర్చిపోయారు. తాత మాత్రం ఆ మాటను రుమాలులో మూటగట్టుకుని వచ్చాడు.

రెండు రోజుల తర్వాత అవతలి వర్గం గీయించుకున్న బొమ్మలో, మిల్లు గోడ మీద హనుమండ్లు పళ్లన్నీ బయటపెట్టి దండాలు పెడుతూ ముందుకు పోతున్నాడు. వెనక బుచ్చవ్వ అతని పంచె కొస పట్టుకుని లాగుతోంది. ఆమె నోటి పక్కన అదే మాట: 'ముందుగాల మనింటి గూన సదురు.' బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే తాతకు దాని మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టాక బుద్ధి నిలుస్తుందా? జిగురు కలిపాడు.

హనుమండ్లు ఓడిపోయాడు. ఓడినందుకు కాదు అతని బాధ. "నా ఇంట్ల చాయ్ తాగి, నా ఇంటి మాట రోడ్డు మీద పెట్టిండు" అన్నాడు, ఎవరితోనో ఒక్కసారి. అంతే, ఆనాటి నుంచి తాతతో మాట బంద్. గోడకు ఎన్ని పూతలు పడ్డా, ప్రతి వానాకాలం పై సున్నం పొరలూడి హనుమండ్లు పళ్లు మళ్లీ ఇకిలించేవి. పొలానికి పోతుంటే పిల్లగాళ్లు "గూన సదిరినవా?" అని అరిచేవారు. బుచ్చవ్వ ఒక్కతే గోడ ముందు నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "నా ముక్కు గంత పెద్దగున్నదా పర్శరాములన్నా?" అని అడిగేది.

ఆమె పోయి రెండేళ్లు. చావుకు వెళ్లిన తాత, దోస్తును పలకరించే మాట దొరక్క వాకిట్లో నుంచే తిరిగి వచ్చాడు.

ఈసారి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. హనుమండ్లు కోడలు రేవతి నిలబడింది. నామినేషన్ల మరునాడే అవతలి వర్గం కుర్రాడు సంపత్ బండి వేసుకుని వచ్చాడు.

"తాతా, గా మిల్లు గోడ బొమ్మకు జర రంగు కొట్టు. కింద 'కోడలు గూడ గంతే' అని రాయి. జబర్దస్త్ ఉంటది."

"ఫ్లెక్సీ కొట్టియ్యరాదు?"

"ఫ్లెక్సీలు అందరికున్నయి. గిది పాత సరుకు, మస్తు నడుస్తది."

"నా మోకాళ్లు నిలవడయి బిడ్డా."

"అయితే మంచిర్యాల నుంచి మనిషిని తెస్త. ఎట్లయినా రంగయితే పడ్తది" అని బండి స్టార్టు చేశాడు.

తాత గడప మీద కూలబడ్డాడు. ఎన్ని ఎలక్షన్లు, ఎన్ని దండాలు, ఎన్ని పళ్లు! గీసి గీసి చెయ్యి అలిసిపోయింది, చూసి చూసి కళ్లు అలిసిపోయాయి. అన్నీ సున్నంలో కలిసిపోయాయి. తాత గీసినవాటిలో లోకంలో మిగిలింది ఆ ఒక్క బొమ్మే.

"ముప్పై ఏండ్లసంది దాన్ని చూస్కుంట మురుస్తున్నవ్, నాకెరుక లేదనుకున్నవా?" అంది సమ్మవ్వ లోపలి నుంచి. "పోయి గీకెయ్. నీకు దోస్తెక్కువనా, గోడెక్కువనా?"

"గోడ నామీద అలగలే గదనే" అన్నాడు తాత. అన్నాడే గానీ, మర్నాడు పొద్దున్నే రేకు ముక్క, బకెట్, స్టూలు పట్టుకుని బయలుదేరాడు.

స్టూలెక్కేసరికే ఆయాసం వచ్చింది. కాసేపు బొమ్మను కళ్లారా చూసుకున్నాడు. తర్వాత చేతికి దగ్గరగా ఉన్న బుచ్చవ్వ మీద రేకు ఆనించాడు.

"గీకకు."

తాత కింద పడబోయి గోడను పట్టుకున్నాడు. వెనక హనుమండ్లు, కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత నోరు విప్పాడు, అదీ హుకుం జారీ చేయడానికి.

"సంపత్‌గాడు దీనికి రంగేపిస్తడట" అన్నాడు తాత, గోడతో చెబుతున్నట్టు. "నీ కోడలికి పరేషాన్ ఐతదని..."

"ఎరుకే. నన్ను గీకు. దాన్ని ముట్టకు."

"ఎవల్ని?"

"బుచ్చిని. ఇంట్ల ఒక్కటే ఫోటో ఉన్నది, రేషన్ కార్డుది పెద్దగ జేయించిన్రు. అండ్ల పోలీసోన్ని చూసినట్టు బెదిరిపోయి ఉన్నది. నా పెండ్లాం ఎన్నడన్న ఎవనికన్న బెదిరిందా? గీడ జూడు, ఎట్ల తిడుతున్నదో. గిదే నా పెండ్లాం."

తాత బొమ్మ వైపు మళ్లీ చూశాడు. ముక్కు నిజంగానే కొంచెం పెద్దగా వచ్చింది.

జిగురు పట్టిన బొమ్మ ఊరికే వదలదు. తాత గీకుతుంటే హనుమండ్లు కింద నుంచి ఒకటే నస.

"పండ్లు సాఫ్‌గ గీకు. గా మీసం గూడ. నా మీసం గంత అన్యాలంగ ఉండెనా?"

"గంతకన్న అన్యాలంగ ఉండె. దోస్తువని తగ్గిచ్చి ఏసిన."

హనుమండ్లు తన మీసం ఒకసారి తడుముకున్నాడు.

మధ్యాహ్నానికి గోడ మీది మనిషి పోయాడు. బుచ్చవ్వ మిగిలింది. ఆమె పిడికిట్లో ఎవరిదో తెలియని పంచె కొస, నోటి పక్కన మాట.

"మాట?" అడిగాడు తాత.

"ఉండనియ్. గూన పోయింది, స్లాబేసినం. స్లాబు గూడ వానకు ఉరుస్తనే ఉన్నది."

మంచిర్యాల పెయింటర్‌ను వెంటబెట్టుకుని రంగు డబ్బాలతో వచ్చిన సంపత్ గోడను చూసి బిత్తరపోయాడు. "గిదేంది తాతా, బొమ్మల మనిషేడి?"

"ఓట్లడుగ పోయిండు" అన్నాడు హనుమండ్లు. "ఇంక రాలే."

సంపత్ కాసేపు తల గోక్కుని, డబ్బాలతోనే వెనక్కి మళ్లాడు.

తాతకు స్టూలు దిగడం చేత కాలేదు. హనుమండ్లు కర్ర అందించాడు.

"నేనింక కోపంలనే ఉన్న" అన్నాడు.

"ఉండు" అన్నాడు తాత.

ఇద్దరూ గోడ నీడన చతికిలబడ్డారు. బస్సొకటి వచ్చి దుమ్ము లేపి పోయింది. దుమ్ము అణిగాక హనుమండ్లు అడిగాడు.

"జిగురింక ఉన్నదా ఇంట్ల?"

"ఉన్నది."

"ముక్కు కాడ జర ఊడుతున్నది, జూడు."

తాత మోకాళ్ల మీద చేతులు వేసి, మూలుగుతూ మళ్లీ లేచాడు.