బీగం చాకు

బీదర్ బస్టాండులో జామపండ్లమ్మే సక్కుబాయికి నేల మీద బేరం నచ్చదు. బుట్ట ముందేసుకుని కూర్చుంటే ఈగలొస్తాయి గాని గిరాకీ రాదు అనేది. డ్రైవరు సీట్లో కూర్చున్నాడో లేదో, ఆమె బుట్టతో బస్సెక్కేది. పండును నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారమూ రాసి చేతిలో పెట్టి, కండక్టరు సీటీ ఊదేలోపు దిగిపోయేది. ఆ కాస్త సేపట్లోనే ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోతోందో, ఎవరి సంబంధం ఎందుకు చెడిందో రాబట్టేది. పండ్లు మిగిలితే మిగిలాయి గాని, ఆ కబుర్లు లేనిదే ఆమెకు ముద్ద దిగదు.

అలాంటి మనిషి కుడి బొటనవేలు బస్సు తలుపు సందులో పడి నలిగింది. వేలు కర్రలా బిగుసుకుపోయింది, గోరు మళ్లీ మొలవలేదు. అంతకుముందు పాత మడత చాకును ఆ గోటితోనే తెరిచేది. ఇప్పుడు బుట్టను కుడి చంకకు మార్చి, చాకును ఎడమ చేతికి ఇచ్చింది. ఎడమ చేతికి ఆ విద్య ఎక్కడిది? చాకు తెరుచుకోదు. తెరుచుకుంటే పండు మధ్యలో ముడుచుకుని వేళ్లు కొరుకుతుంది. విసుగొచ్చి తెరిచిన చాకునే నడుముకు దోపుకుంది. బస్సు దిగే ఊపులో అది చీర చీల్చి, నడుం గీరింది.

కొడుకు బాబురావు సైకిల్ దుకాణం నుంచి వచ్చి నెత్తుటి మరక చూశాడు.

"ఇంగ బస్సెక్కుడు బంద్. ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? నీ పెండ్లాం పప్పుల ఉప్పేసిందా లేదా అని కాపలా కాయాల్నా?"

వంటింట్లో కోడలు జయమాల గరిటె ఆపి, మళ్లీ తిప్పింది. అత్త ఇంటి పట్టున ఉంటే తన గతేమిటో ఆమెకు బాగా తెలుసు.

"ఒక పని జేస్త," అంది సక్కుబాయి. "ఒంటిచేత్తోని చాకు తెరిచి, కండక్టరు సీటీ ఊదే లోపల పండు కోసి చూపెడ్త. చూపెట్టకపోతె ఇంట్ల కూసుంట. చూపెడితె నువ్వు నోరు మూసుకోవాలె."

బాబురావు సరేనన్నాడు. తల్లి ఓడిపోతుందని అతనికి నమ్మకం.

తెరిచాక ముడుచుకోకుండా లోపల కొక్కెం పట్టే చాకులు ఉంటాయని సక్కుబాయి వింది. తాళాన్ని ఇంట్లో అందరూ బీగం అంటారు కాబట్టి, దానికి బీగం చాకని పేరు పెట్టుకుంది. జయమాల తండ్రి అంబాదాస్ ఔరాద్ దగ్గరి పల్లెలో సేద్యం చేస్తాడు, సంతకు తప్పకుండా పోతాడు. ఆ వారం కూతుర్ని చూడవచ్చి, తిరిగి వెళ్తూ బస్సులో కూర్చున్నాడు. బస్సు కదిలాక సక్కుబాయికి గుర్తొచ్చి, కిటికీ పక్కన పరుగెత్తింది.

"అన్నా, సంతల బీగం చాకు దొరుకుతె తీస్కరా."

ఇంజను రొదలో అతను తలూపాడు. ముఖం మాత్రం చిన్నబోయింది.

వారం తిరిగేసరికి అంబాదాస్ తలకు కొత్త రుమాలు చుట్టుకుని వచ్చాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో టెంకాయ, రవికె గుడ్డ, పిడికి జరీ దారం చుట్టిన మూరెడు కత్తి. కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చి ఉంది.

"అక్కా, పెండ్లిల మాదే లోపం. ఇన్నొద్దులు మనసుల పెట్టుకోని అడగకపోతిరి. అది మీ పెద్దరికం."

సక్కుబాయి పళ్లాన్ని చూసింది, వియ్యంకుణ్ని చూసింది.

"ఏం లోపమన్నా?"

"బీగర చాకు. బస్సు ఎంబడి ఉరికొచ్చి మరీ అడిగితిరి గద. పెండ్లికొడుకు పట్టుకునే కత్తి ఆడపిల్లోళ్లే పెట్టాలని మీ దిక్కు రివాజు ఉన్నట్టు మాకు తెల్వకపాయె. ఇంటికి పోయి చెప్తె మా ఇంటామె నన్ను రెండు పూటలు తిట్టింది."

జయమాల కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. వాళ్ల పుట్టింట్లో మాట్లాడేది కన్నడం. అందులో బీగ అంటే తాళం, బీగరంటే వియ్యాలవారు. అత్త అడిగిన తాళపు చాకు, తండ్రి చెవిలో పడేసరికి వియ్యాలవారి కత్తి అయి కూర్చుంది.

కోడలు సంగతి విప్పి చెప్పాక సక్కుబాయి కత్తిని ఒకసారి పైకెత్తి చూసింది.

"గింత కత్తి పట్టుకోని బస్సెక్కితె జాంపండ్లు కొనరన్నా. అడగకముందే జేబులు ఖాళీ జేసి దండం పెడ్తరు."

అంబాదాస్ సిగ్గుతో రుమాలు సర్దుకున్నాడు. "అయితె తిరిగి తీస్కపోత."

"కత్తి తీస్కపో. టెంకాయ ఉండనియ్యి."

ఈసారి మాట పంపకుండా తానే అతని వెంట ఔరాద్ సంతకు పోయింది. చాకులూ కత్తెరలూ గోనెపట్టా మీద పరిచి కూర్చున్న పీరప్ప ముందు చతికిలబడి, బుట్ట కుడి చంకలో బిగించి, ఎడమ చేయి చాపింది.

"ఈ ఒక్క చేత్తోనే తెరుసుకోవాలె. చూపెట్టు."

పీరప్ప మొదట గోటి గంటు ఉన్న చాకు ఇచ్చాడు.

"గోళ్లున్నోళ్లకు అమ్ముకో," అని పక్కన పెట్టింది.

రెండోదానికి మెడ దగ్గర ఇనుప ఉంగరం ఉంది. కోసే అలుగు తెరిచి ఉంగరం తిప్పితే ఇక కదలదన్నాడు.

"బందోబస్తు బాగనే ఉన్నది. తిప్పెటందుకు ఇంకో చెయ్యి నువ్విస్తవా?"

మూడోది పిడి వెనక నొక్కే రకం. దాని స్ప్రింగు ఎంత గట్టిదంటే, సక్కుబాయి పళ్లు బిగబట్టినా అలుగు బయటికి రాలేదు.

"గిది అచ్చం నా లెక్కనే ఉన్నది. ఎవ్వల మాట ఇనది."

నాలుగోది ఖట్కా చాకు. మీట నొక్కగానే అలుగు టక్కున బయటికి దూకింది. అంబాదాస్ వెనక్కి జరిగాడు. సక్కుబాయికి ముచ్చటేసి అదే పనిగా నొక్కుతూ పోయింది. చుట్టూ జనం మూగారు. చివరికి నడుముకు దోపుకుని వంగి చూసింది. మీట ఒత్తుకుని అది చీరలోనే తెరుచుకుంది.

"వద్దు నాయనా. దీనికి నాకన్న తొందరెక్కువ. పోలీసోడు చూస్తె జాంపండ్లు ఠాణల అమ్ముకోవాలె."

పీరప్ప సంచీ అడుగు నుంచి మరొకటి తీశాడు. పల్లెలకు కరెంటు లాగుతున్న రోజులవి. అది స్తంభాలెక్కేవాళ్ల చాకు. అలుగుకు చిన్న ఇత్తడి బొడిపె ఉంది. లోపల పలచని రేకు పక్కకు జరిగి, తెరిచిన అలుగుకు అడ్డం నిలుస్తుంది.

"ఒక చెయ్యి కంబానికి ఉండాల గద అమ్మా. అందుకే బొడిపె నేనే కొట్టిన," అన్నాడు పీరప్ప.

సక్కుబాయి ఎడమ బొటనవేలితో బొడిపెను తోసింది. అలుగు మెల్లగా తిరిగి, టిక్కుమని ఆగింది. పీరప్ప మూసిచ్చాడు. మళ్లీ తెరిచింది, మళ్లీ మూసిచ్చాడు.

"ఇగ చూడు నా కొడుకు మొఖం," అని దాన్ని కొంగున ముడేసుకుంది.

మర్నాడు బస్టాండులో బాబురావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక జయమాల. సక్కుబాయి ఔరాద్ బస్సెక్కి, మొదటి సీట్లో పెద్దమనిషి ముందు ఆగి, చాకు తీసింది. టిక్. పండు నాలుగు చీలికలైంది. కిటికీలోంచి కొడుక్కి ఒక చీలిక చూపించి, తానే కొరికింది. కండక్టరు ఇంకా సీటీ నోట పెట్టనే లేదు.

అప్పుడు మూయబోయింది. చాకు మూసుకోలేదు. రేకును కుడి చేతి బొటనవేలికి అందేట్టు అమర్చారు. ఎడమ బొటనవేలు అటు పోతే రేకు ఇటు బిగుస్తుంది. సంతలో మూసిందంతా పీరప్ప కుడి చేయి. సీటీ మోగింది, బస్సు కదిలింది. తెరిచిన చాకుతో దిగితే నడుం సంగతి మళ్లీ మొదటికొస్తుంది, అదీ కొడుకు కళ్ల ముందే. సక్కుబాయి దిగలేదు. ఇదంతా తను అనుకున్నట్టే జరుగుతోందన్న ముఖం పెట్టి, రెండో సీటుకు పోయి ఇంకో పండు కోసింది.

దారిలో జన్వాడ వచ్చేసరికి బుట్ట అడుగు కనిపించింది. దిగే ముందు చాకును కండక్టరు చేతిలో పెట్టింది.

"జర మూసియ్యి బిడ్డా. కొత్తది, నా మాట ఇంటలేదు."

ఎదురొచ్చిన బస్సులో తిరిగొచ్చేసరికి బాబురావు అక్కడే తిరుగుతున్నాడు.

"దిగకపోతివేందే? నా పానం పోయింది ఈడ."

"మూసుకోకపాయె."

"అయితె పందెం ఓడినట్టే."

"తెరిచి కోసుడే గద పందెం. మూసుడు ఎవ్వలన్నరు?"

బాబురావు చాకు లాక్కుని, ఎడమ చేత్తో తెరిచి, మూయాలని చాలాసేపు తంటాలు పడ్డాడు. చెమట పట్టింది గాని చాకు మూసుకోలేదు. జయమాల ముందుకొచ్చి అతని చేతిలోంచి తీసుకుంది. ఎడమ చేత్తోనే పట్టి, చూపుడువేలి కొనతో రేకును పక్కకు నెట్టి, అలుగును తొడకానించి మూసేసింది.

"బొటనవేలు కాదు అత్తమ్మా. ఈ వేలు."

సక్కుబాయి ఆమె చేసినట్టే చేసింది. చాకు మూసుకుంది. బాబురావు ఖాళీ బుట్ట ఎత్తుకుని ఇంటి దారి పట్టాడు.

"గీ ముచ్చట నిన్ననే చెప్తె జన్వాడ దాక పోకపోదును గద," అంది సక్కుబాయి కోడలితో.

"పోకపోతె బుట్ట ఖాళీ అవుతుండెనా? అది గాదు గని, జన్వాడ దాక ఏమేం ఇన్నరో జల్ది చెప్పుండ్రి."