ఇనప గొయ్యి సినిమా, బావ మోకాలు

ఆ ఇంగ్లీషు సినిమా ఏడుసార్లు చూశానని చాలామందికి చెప్పాను. చూసింది ఒక్కసారే. అదీ మార్నింగ్ షో, చివరి పావుగంట వదిలేసి. మధ్యాహ్నం షిఫ్టుకి అందుకోవాలి. టౌను నుంచి గాజువాక బస్సెక్కడమంటే అప్పట్లో కుస్తీయే.

స్టీల్ ప్లాంటు కట్టుబడి సాగుతున్న రోజులవి. నేనూ, మా బావా, అంటే చెల్లెలి మొగుడూ, ఒకే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాళ్ళం. ఇనప స్తంభాలెక్కి దూలాలు బిగించే పని. మాలో ఎవడు ఇంగ్లీషు సినిమా చూసొచ్చినా కూర్మన్నపాలెం టీ బడ్డీ దగ్గర మిగతావాళ్ళకి కథ చెప్పి తీరాలి. టీ వాళ్ళది, కథ మనది. నాకు ఇంగ్లీషులో 'కంపెనీ', 'నో' తప్ప మరో ముక్క రాదు. అయినా కథ చెప్పడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడు. సరే, ఆ బడ్డీ దగ్గర లేడు.

"దేశాల్నేవు, గవర్నమెంట్లు నేవు. అన్నీ కంపెనీలే," అని మొదలుపెట్టాను. "ఇనప గోతిలోకి రెండు జట్లని దింపుతారు. కొట్టుకోడానికి సేతుల్లో గొలుసులు. ఓడిన జట్టు ఊరికి నీళ్ళు బందు. ఈరోకి బుజం ఇరిగిపోనాది. అయినా దిగాలంది కంపెనీ."

ఎవరూ టీ తాగడం లేదు. కారణం నా గొప్ప కాదు. ఆ ఆదివారం మా కంపెనీకీ పక్క కాంట్రాక్టు కంపెనీకీ కబడ్డీ. గెలిచిన జట్టుకే వచ్చే పనికి గేటు పాసులని మేనేజర్లిద్దరూ తేల్చేశారు. మా జట్టులో కూతకెళ్ళగలిగినవాడు బావ ఒక్కడే. అతని కుడి మోకాలు అంతకుముందే ఓ ఆటలో మెలిక పడింది. చెల్లెలు ఆముదపాకు వెచ్చజేసి కడుతోంది. ఆడకపోతే పాసు లేదు, పాసు లేకపోతే పని లేదు. ఆడి, ఆ కాలు ఎవడి పట్టుకైనా చిక్కితే బావ ఈ జన్మలో మళ్ళీ స్తంభం ఎక్కడు. పట్టు పట్టేవాడు కూడా అదే బల్ల మీద కూర్చున్నాడు. అవతలి జట్టువాడు, దున్నలాంటి మనిషి.

"మరేటైంది బావా? ఆడు దిగీసినాడా?" అన్నాడు మా బావ, మోకాలు నిమురుకుంటూ.

ఏమైందో నాకేం తెలుసు? ఆ ముక్క తెర మీద నడిచేటప్పటికి నేను బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాను.

"దిగినాడు. గొలుసు మాత్రం ఎత్తనేదు. అవతలోడు సూసినాడు. ఆడూ ఎత్తనేదు."

"కోతలు కొయ్యకు. కంపెనీ ఊరుకుంటాదేటి?" అన్నాడు దున్న.

"ఊరుకోదు. అందర్నీ ఒకేపాలి ఏటి సేత్తాది?"

దున్న గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం పదివేలమంది జనం. కాదులెండి, రెండు కంపెనీల కూలీలూ, వాళ్ళ పెళ్ళాంపిల్లలూ, కొన్ని మేకలూ. ఆట చివరికొచ్చేసరికి చెరి సమానం. బావ మా వైపు ఆఖరి కూతకి లేచాడు. కుంటడం కనిపించకూడదని నవ్వుతున్నాడు. గీత అవతల దున్న సరిగ్గా మోకాలి ఎత్తుకి వంగి కాచుకున్నాడు. "కాలు! కాలు పట్టరా!" అని వాళ్ళ మేనేజరు కుర్చీలోంచి లేచిపోయి అరుస్తున్నాడు. మా చెల్లెలు నా చొక్కా పట్టుకుంది.

బావ కూత పెడుతూ లోపలి గీత తొక్కాడు. ఎవరినీ ముట్టుకోలేదు. దున్న చెయ్యి ముందుకొచ్చింది. ఆగింది. తర్వాత రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అతని వెనక మిగతావాళ్ళూ అంతే. బావ కూత ఆపకుండా, వెనక్కి నడుస్తూ, తన గీత దాటాడు.

వెంటనే దున్న కూతకొచ్చాడు. మావాళ్ళూ చేతులు వెనక్కి పెట్టేశారు. ఆట సమంగా ఉండగానే విజిల్ పడింది.

కంపెనీని గెలిచామని ఊళ్ళో చెప్పుకుని తిరిగాను. గెలవలేదు. రెండు జట్లకీ పాసులు పోయాయి. ఆడకుండా కూర్చున్న నాకూ పోయింది. ఆ నెలంతా మా ఇంట్లో గంజే. బావ మాత్రం రెండు కాళ్ళ మీదా నడిచి ఆటోనగర్‌లో వెల్డింగు షాపులో చేరాడు.

కొన్నేళ్ళకి గోపాలపట్నంలో బావ ఇంట్లో ఓ మధ్యాహ్నం వీసీఆర్ అద్దెకి తెచ్చుకున్నాం. రెండో క్యాసెట్ పెట్టగానే తెర మీద ఇనప గొయ్యి.

"ఇది నీ సినిమాయే కదేటి!" అన్నాడు బావ సంబరంగా, ముందుకు జరిగి.

"పాతది. ఇంకోటి పెడదాం," అన్నాను. విన్లేదు. చివరి పావుగంట వచ్చింది. హీరో గోతిలోకి దిగాడు. గొలుసు రెండుసార్లు చేతికి చుట్టుకున్నాడు. బావ చెయ్యి తెలియకుండానే మోకాలి మీదికి వెళ్ళింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. హీరో గొలుసు ఎత్తాడు.

"ఏటి బావా ఇది? ఆడు ఎత్తీసినాడేటి?"

"ఇది... ఏరే ప్రింటు బావా."

బావ నా మొహంలోకి చూశాడు. తెర మీద జనం కేకలు పెడుతున్నారు. అతను లేచి, చకచకా నడిచి వెళ్ళి టీవీ కట్టేసి, వచ్చి కూర్చున్నాడు.

"సివర నువ్వు సెప్పు," అన్నాడు.