సార్‌ని అడిగి చెబుతాను

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని అందరూ సర్వరు బాబాయి అనేవారు. మెట్ల కింద గదిలో, ఏసీ హోరులో ఇరవై ఏళ్లు గడిపిన మనిషి. చెవి మందగించింది గానీ, ఫ్యాను చప్పుడులో తేడా వస్తే మాత్రం ఇట్టే పట్టేసేవాడు.

ఆయనకొచ్చిన చిక్కల్లా మంగళవారంతోనే. ఆ పొద్దున జనం ఎక్కువ. సరిగ్గా అప్పుడే చీట్లు రాసే కౌంటర్లో కంప్యూటరు నత్తనడక పట్టేది, లైను గేటుదాకా పాకేది. బాబాయికేమో ఆ పూట ఇంకో శాఖలో డ్యూటీ. మధ్యాహ్నం వచ్చి చూస్తే అంతా సవ్యంగానే ఉండేది. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుండేది ఆయన తనిఖీ.

"యంత్రం బాగానే ఉందిగా. ఆవిడ వేళ్లే ఆడటం లేదు. నెలాఖరుకి వేరేవాళ్లని పెట్టేద్దాం" అన్నాడు మేనేజరు. ఆవిడంటే కౌంటరక్క. ఆ జీతం మీదే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది.

బాబాయికి కడుపు మండింది. కౌంటరు కంప్యూటర్లన్నిటికీ ఆధారమైన లినక్స్ సర్వరు నిన్న మొన్న ఎలా పనిచేసిందో చూపించే సాధనం కోసం వెతికాడు. ఒకటి ఇప్పటి సంగతే చెబుతుంది, నిన్నటిది అడిగితే నోరు మెదపదు. ఇంకోటి రంగురంగుల గీతలు గీస్తుంది గానీ, దానికే వేరే సర్వరు కావాలట. గొర్రెలు తినేవాడు పోతే బర్రెలు తినేవాడు వచ్చినట్టే కదా! చివరికి దొరికింది ఎక్కడనుకున్నారు? తన యంత్రంలోనే, ఎవరూ ఆన్ చేయకుండా పడి ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు మహానుభావుడు. పది నిమిషాలకోసారి సర్వరు పరిస్థితి రాసిపెట్టడం దాని పని. పేరు సార్. పలకడం కూడా అచ్చం మనం పెద్దవాళ్లని పిలిచినట్టే. వచ్చే మంగళవారం సంగతి రాసిపెట్టేలా దాన్ని ఆన్ చేశాడు.

"బుధవారం దాకా ఆగండి. సార్‌ని అడిగి చెబుతాను" అన్నాడు మేనేజరుతో.

పెద్ద డాక్టరుగారనుకుని మేనేజరు మొహం పాలిపోయింది. "ఇంత చిన్నదానికి సార్ దాకా ఎందుకండీ?"

బాబాయి సరిదిద్దలేదు. ఆ మాత్రం సరదా ఆయనకీ ఉంది.

బుధవారం సార్ చిట్టా విప్పాడు. నిన్న తొమ్మిదీ యాభై దాకా అంతా ప్రశాంతం. పది నుంచి పదకొండున్నర దాకా డిస్కుకి ఊపిరాడలేదు. పదింటికి ఏముందా అని చూస్తే, వారానికోసారి, మంగళవారం నాడు, రికార్డులన్నీ కాపీ చేసే పని. మూణ్ణెల్ల కిందట పెట్టింది తనే. రాత్రి పది అనుకుని పది అని కొట్టాడు. ఇరవై నాలుగు గంటల లెక్క నడిచే ఆ యంత్రానికి రాత్రి పదంటే ఇరవై రెండని తెలియని పసివాడా ఆయన!

గుట్టుగా మార్చేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ అక్క వేళ్ల మీద పడిన నింద అలాగే ఉండిపోతుంది. సార్ చిట్టాని కాగితం మీద అచ్చు తీసుకుని, మేనేజర్ని వెంటబెట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

"సార్ ఏమన్నారు?" గొంతు తగ్గించి అడిగాడు మేనేజరు.

"తప్పు అక్కది కాదన్నారు. నా పేరు చెప్పారు."

జరిగింది విని అక్క కోప్పడలేదు.

"మూణ్ణెల్ల నుంచి రోజూ ఇంటికెళ్లాక టైపింగు నేర్చుకుంటున్నాను బాబాయ్, వేళ్లు మొద్దుబారిపోయాయనుకుని" అంది.

ఆ వేళ్ల వైపు చూడటానికి బాబాయికి మొహం చెల్లలేదు.