సుంగై సిపుట్ తనిఖీలో మెక్సికో యోధుడు

మెర్దేకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందటి ఏడాది కౌలాలంపూర్‌లోని ఒక మ్యూజియంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. నా మొదటి బయటి పని, సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటు దొర ఒకాయన స్వదేశానికి వెళ్లిపోతూ మాకిచ్చిన మట్టిబొమ్మను తీసుకురావడం. బొమ్మ లేకుండా వస్తే నేనూ రానక్కర్లేదని మా క్యూరేటర్ చెప్పి పంపారు.

పడమటి మెక్సికోలో పాత సమాధుల్లో దొరికే రకం అది. మూరెడు ఎత్తు యోధుడు. తలకు శిరస్త్రాణం, ఒంటికి పీపా లాంటి కవచం, రెండు చేతులా ఎత్తిపట్టిన గద. చనిపోయినవారికి కాపలాగా పెట్టేవారని కొందరు పండితులంటారు. ఇవి లోపల బోలుగా ఉంటాయి. కాల్చేటప్పుడు పగలకుండా ఎక్కడో ఒక కన్నం వదులుతారు. దీనికి నడినెత్తిన ఉంది.

అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి చేరకుండా పోలీసులు సైకిలు ట్యూబుల్లో కూడా బియ్యం వెతికేవారు. బొమ్మతో తిరిగొస్తుంటే తనిఖీ గేటు దగ్గర మా వ్యాను ఆపిన స్పెషల్ కానిస్టేబులు అప్పలసామి తెలుగువాడే. యోధుణ్ణి ఎత్తి ఊపాడు. లోపల గలగలమంది.

"ఇందల బియ్యం ఏసినారు," అన్నాడు.

"మట్టిపెళ్లలు మావా. ఇది మెక్సికో బొమ్మ."

"మెక్సికోనా? అది ఏ ఎస్టేటు? పగలగొడితే తెలుస్తాదిలా!" అన్నాడు, మలయావాళ్ల అలవాటులో మాట చివర 'లా' తగిలించి.

రైఫిలు మడమ పైకి లేచింది. నేను బొమ్మను లాక్కుని, కన్నం చూపించి, మెల్లగా తలకిందులు చేశాను. ముందు కాస్త మట్టి రాలింది. తర్వాత ఓ పెద్ద బల్లి ఊడిపడి, వంగి చూస్తున్న అప్పలసామి కాలరులోకి దూరింది.

అతను రైఫిలు నా చేతిలో పెట్టి, చొక్కా విప్పుకుంటూ రోడ్డంతా గంతులేశాడు. సరిగ్గా అప్పుడే గేటు పక్క కాపలా గుడిసెలోంచి మలయ్ సార్జెంటు బయటికొచ్చాడు. ఆయనకు కనిపించింది చొక్కా లేని కానిస్టేబులు, తుపాకీ పట్టుకున్న నేను.

"అంకాట్ తంగాన్!" అని అరిచాడు. చేతులెత్తమని.

రైఫిలు కింద పెట్టి చేతులెత్తాను. బొమ్మను మాత్రం వదల్లేదు. నా నెత్తి మీద యోధుడు కూడా గద ఎత్తి నిలబడ్డాడు. సార్జెంటు మమ్మల్నిద్దరినీ కాసేపు చూసి, పకపకా నవ్వి, పొమ్మన్నాడు.

"బల్లి అనీసి ఆయనకి సెప్పకండి బాబూ," అని అప్పలసామి వ్యాను తలుపు పట్టుకుని బతిమాలాడు. "పాము లాంటిదేదో అన్నానులా."

బోలు బొమ్మను కట్టే ముందు టార్చి వేసి లోపల చూడాలి, కన్నానికి గుడ్డ కుక్కాలి. ఆ పద్ధతి నా తర్వాత చేరినవారందరికీ నేర్పాను. కారణం అడిగితే పురుగుల బెడద అని చెప్పేవాణ్ణి.