గోడ పక్క పిల్ల

కాటికాపరి రామలింగయ్య ఒక్క బూతు మాట అనకుండా బుల్డోజర్‌ను వెనక్కి పంపించాడు. తొంభై ఆరులో శాలిబండ వెనక శ్మశానంలో జరిగిన ఆ లొల్లిని నాగమణమ్మ గేటు బయట నిలబడి కళ్లారా చూసింది. ఓడిన పక్షం ఆమెదే.

శ్మశానం ఒకప్పుడు ఊరి చివర ఉండేది. ఊరే నడిచొచ్చి దాని మీద పడింది. మూడు దిక్కులా ఇళ్లు లేచాక, పసిపిల్లల్ని పూడ్చే మూలను చదును చేసి బాట వేయమని బస్తీవాళ్లు అర్జీ పెట్టారు. నాలుగో తరగతి చదివిన నాగమణమ్మ అందరికంటే పైన, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. వేలిముద్ర వేసిన ఆడవాళ్లను చూసి మూతి కూడా విరిచింది.

"ఖాళీ జాగకు గింత లొల్లేందయ్యా" అన్నాడు గుత్తేదారు ప్రకాశం.

రామలింగయ్య చేతికర్రతో అతని కాళ్ల దగ్గర నేల చూపించాడు. "ఖాళీ అంటివి. నీ చెప్పుల కింద ఉస్మాన్‌గంజ్ బెల్లం సేటు మనుమడున్నడు, పచ్చకామెర్లతోని పోయిండు. గీడ బస్సు కండక్టర్ బిడ్డ. పక్కపొంటి కవలలు. ఎవల మీదికెళ్లి తోల్తవో చెప్పు భాయ్, నేను జరుగుత."

ప్రకాశం కాలైతే ఎత్తాడు గానీ, మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. డ్రైవర్ దిగి చెప్పులు విడిచాడు.

కాటికాపరి ఒక్కో గుర్తురాయి కింద ఎవరున్నారో చెప్పుకుంటూ పోయి గోడ పక్క రాయి దగ్గర ఆగాడు. గేటు వైపు, సరిగ్గా నాగమణమ్మ వైపు చూశాడు. ఆ రాయి కింద ఎవరో మాత్రం చెప్పకుండా తర్వాతి రాయికి పోయాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పళ్లు రాని పిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. తల్లి వెంట పోదు. ముప్పై ఐదేళ్ల కిందట, ఐదో రోజునే పోయిన ఆడపిల్లను పెనిమిటి గుడ్డలో చుట్టి తీసుకుపోయి, రామలింగయ్య చేతికిచ్చి, స్నానం చేసి వచ్చాడు. ఎక్కడ అని ఆమె అడగలేదు. గుండె గట్టిదని నలుగురూ అంటే గర్వపడింది. ఆ గుండే ఇప్పుడు కన్నబిడ్డ మీద బాట వేయమని సంతకం పెట్టింది.

తర్వాతైనా బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. పండగ బియ్యానికి వచ్చిన రామలింగయ్యను మెట్ల కిందే నిలబెట్టి, ఎప్పటిలాగే పైనుంచి పోసేది. ఒక్క మెట్టు దిగినా తప్పు ఒప్పుకున్నట్టే కదా. లోపల సిగ్గు పుండై సలుపుతున్నా నోరు మాత్రం కాకరకాయే.

రెండు వేల నాలుగులో, కొత్త ప్రహరీ కట్టేముందు ఆఫీసువాళ్లు వచ్చి, పేరు కాగితం మీదుంటేనే సమాధి ఉంచుతామని చెప్పిపోయారు. అప్పటికి రామలింగయ్య కళ్లకు పొరలు కమ్మాయి. మెట్ల కిందకు వచ్చి నిలబడ్డాడు. ఆమె సోలతో బియ్యం తెస్తే కండువా పట్టలేదు.

"బియ్యానికి రాలేదమ్మా. పిల్లలందరు నా తలకాయలనే ఉన్నరు. నాకేమో అక్షరం రాదు. నీ రాత పెద్దగ, సాఫ్‌గ ఉంటది. గా అర్జీ మీద చూసిన."

ఆమె సోల మెట్టు మీద పెట్టింది. "ఆడోళ్లు లోపలికి రావద్దంటరు గద రామలింగం" అంది, అలవాటు లేని మెత్తని గొంతుతో.

"రావద్దన్నోళ్లు ఎవ్వలు వచ్చి రాస్తలేరు. నువ్వు లోపలికొచ్చి కూసో అమ్మా. నేను చెప్త, నువ్వు రాయి. గోడ పక్క పిల్ల కాడినుంచే షురూ చేద్దాం. గా ఒక్కదాని పేరు నాకు తెల్వది, నువ్వే చెప్పాలె."