బొట్టు పెట్టిన బారు

నిన్న సాయంత్రం మా మనవరాలు నా పక్కన కూర్చొని ఫోను తెర మీద వరుసగా బొమ్మలు చూపించింది. అన్నీ వ్యాయామానికి వాడే కడ్డీలే. తలుపు చట్రంలో బిగించేది ఒకటి, గోడకు దిగగొట్టేది ఒకటి, నాలుగు కాళ్ల మీద నిలబడి పైన వేలాడటానికి ఒక కడ్డీ, నడుమెత్తున చేతులు ఆనించి ఒళ్లు లేపడానికి రెండు పిడులు ఉన్నది మరొకటి. పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న పిల్ల అది. కడ్డీ ఎంత లావో, ఎంత బరువు మోస్తుందో, వానకు తుప్పు పడుతుందో లేదో అన్నీ శ్రద్ధగా చదివి వినిపించి, "తాతా, ఇవన్నీ చేసినోడివి గదా, ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. "అది దేని మీద నిలబడుతుందమ్మా?" అన్నాను. "నేల మీదనే తాతా, ఇంగ దేని మీద నిలబడ్తాది?" అని నవ్వింది. నేను మాత్రం వెంటనే నవ్వలేకపోయాను. ఆ ప్రశ్నకు ఒకప్పుడు మా ఇల్లంతా కలిసి తప్పు సమాధానం చెప్పింది.

అది ఆంధ్ర రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్‌గా మారిన తొలి సంవత్సరాల సంగతి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిందన్న కోపం జమ్మలమడుగులో మా వీధి అరుగుల మీద ఇంకా చల్లారలేదు. మాది నేతపని చేసుకునే ఇల్లు. ముందుగదిలో నాయన మగ్గం, దాని వెనుక వంట, వంట వెనుక దొడ్డి. ఆ మగ్గం చప్పుడులోనే పాఠాలు చదివి, అనంతపురంలో పట్టా పుచ్చుకొని, మా వంశంలో పట్టభద్రుడనే మాట మొదట మోసినవాణ్ణి నేను. మోయడం అని ఊరికే అనడం లేదు. వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్లు అరుగు మీద జరిగి చోటిచ్చేవారు. ఉద్యోగం లేని వాడికి ఆ మర్యాద ఎంత బరువుగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. సబ్-ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి కడపలో జరిగిన ఎంపికకు వెళ్లాను. రాతపరీక్షలో నెగ్గాను, పరుగులో నెగ్గాను. బారు దగ్గర ఓడిపోయాను. రెండు గుంజల మధ్య ఇనుపకడ్డీ పట్టుకొని గడ్డం పైకి వచ్చేదాకా ఒంటిని లాగాలి. నా ఒళ్లు సగం దారిలో ఆగిపోయి, గాలికి ఊగి, కిందికి దిగింది. మరుసటి ఏడు ఒక్కటే అవకాశం. ఆ తరువాత వయసు దాటిపోతుంది.

ప్రొద్దుటూరులో తాలీంఖానా, అంటే కర్రసాము నేర్పే వ్యాయామశాల, నడిపే ఒక ఉస్తాదు ఉండేవాడు. పీర్ల పండుగలో ఆయన శిష్యులు కర్ర తిప్పితే వీధి వీధంతా మేడలెక్కి చూసేది. ఆయన మీసాలకు నూనె రాసుకుంటూ నన్ను బారుకు వేలాడమన్నాడు. "బేటా, మనిషి మాదిరి లేవు. దండెం మీద ఆరేసిన చొక్కా మాదిరి ఉండావు" అన్నాడు. శిష్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు. వారానికొకసారి బస్సెక్కి వచ్చి చేసే వ్యాయామం ఒంటికి పట్టదని, ఇంట్లోనే బారు ఏర్పాటు చేసుకొని రోజూ తెల్లవారుజామున చేయాలని చెప్పాడు. "పైకి లాగేదానికి ఒక బారు, ఒళ్లు లేపేదానికి జంట బార్లు. పిడికిట్లో ఇమడాల, కాలు నేలకు తగలకూడదు. కొంటావో, చేయిస్తావో, దొంగిలిస్తావో నీ ఇష్టం. పొయ్యిరా."

ఆ మాటలు పట్టుకొని ఇంటికి వచ్చాను. ఇంట్లో వాదన మొదలైంది. అన్నిటికంటే సులువైనది ఇంటి దూలం. దానికి ఒక కడ్డీ కట్టి వేలాడితే పని అయిపోతుంది. నేను ఆ మాట పూర్తిచేయక ముందే అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. "దూలానికి మనిషి వేలాడేది నేను చూడాల్నా? పొద్దన్నే లేచి ఆ గడప తొక్కాల్నా నేను? ఉద్దేగం లేకపోతే పాయె, ఆ మాట మాత్రం ఈ ఇంట్లో ఎత్తద్దు." అందులో వాదించడానికి ఏమీ లేదు. దూలానికి వేలాడిన మనిషి అంటే మా వైపు ఒకటే అర్థం. దూలం పోయింది. దొడ్లో వేపకట్టెలు నాటుదామంటే నల్లరేగడిలో చెదలు ఊరుకోవు. వెదురు నాయన సూచించాడు. ఆయన దేనికైనా ముందుగా వెదురే సూచించేవాడు. ఇంతలో పులివెందుల నుంచి మా మామ దిగాడు.

మామ అంటే అమ్మ తమ్ముడు. పులివెందుల, వేముల చుట్టుపక్కల ఇండ్లు కట్టించే మేస్త్రీ. ఆయన గొంతు ముందు వచ్చేది, మనిషి తరువాత వచ్చేవాడు. సంగతి విని, దొడ్డంతా అడుగులతో కొలిచి, "బావా, బండలు పుట్టే ఊర్లో ఉంటూ కట్టె నాటేదేంది? ఊరోళ్లు నవ్విపోతారు" అన్నాడు. ఆ మాటతో మేమందరం ఒక్కసారిగా తేలికపడ్డాం. నిజమే కదా. మా ఊళ్లో నేల మీద పరిచేది బండ, పైన కప్పేది బండ, చేని చుట్టూ కంచె బండ, పశువులు నీళ్లు తాగే తొట్టి బండ, చివరికి మనిషి తల దగ్గర నిలబెట్టేదీ బండే. బారుకు మాత్రం వేరే ఎందుకు? వారం తిరగకముందే బండి మీద నల్లటి బండలు వచ్చాయి. పొడవైనవి రెండు, పొట్టివి నాలుగు. పైన బెజ్జాలు కొట్టించి, పాత జట్కా ఇరుసును అడ్డంగా దూర్చారు. జంట బార్లకు నున్నటి గొట్టాలు వేశారు. కోట బురుజు కట్టినంత గర్వంగా మామ మీసం దువ్వుకున్నాడు.

బండ నాటడమంటే మాకు ఊరికే నాటడం కాదు. గుంత తవ్వినప్పుడు పసుపు చల్లారు, నిలబెట్టాక కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు. అక్కడితో ఆగితే ఈ కథనమే ఉండేది కాదు. శుక్రవారం పొద్దున నేను బారు దగ్గరకు వెళ్లేసరికి రెండు బండలకూ పెద్ద పెద్ద బొట్లు, మొదలు దగ్గర ఒక ప్రమిద, పక్కవీధి ఆడవాళ్లు ఇద్దరు ప్రదక్షిణం చేస్తూ ఉన్నారు. నేను తువ్వాలు భుజాన వేసుకొని వాళ్లు ముగించేదాకా నిలబడ్డాను. వాళ్లు వెళ్లాక ఇరుసు అందుకోబోతే అమ్మ పరుగున వచ్చింది. "బొట్టు పెట్టిన రాయికి కాలు ఎత్తుతావా? కండ్లు పోతాయి!" అమ్మకు కోపం లేదు, నిజమైన భయం. నాకూ భయమే, కానీ నా భయం కడప మైదానానిది. రోజులు పోతున్నాయి. చివరికి నాయన ఒక రాజీ కుదిర్చాడు: ముందు రాయికి మొక్కి, క్షమాపణ చెప్పుకొని, ఆ తరువాత వేలాడాలి. ఆ విధంగా నేను ప్రతి ఉదయం చేతులు జోడించి, కళ్లు మూసుకొని, బారుకు దండం పెట్టి వ్యాయామం మొదలుపెట్టేవాణ్ణి. ఉస్తాదు ఈ సంగతి విని, "మంచిదే, పని మొదలుపెట్టేటప్పుడు మాకూ బిస్మిల్లా ఉండాది" అన్నాడు.

చేతులు కాయలు కాశాయి. గడ్డం ఇరుసును తాకడం మొదలైంది. మొదటిసారి గడ్డం పైకి వెళ్లిన రోజు నాయన బయటికి వచ్చి, నా అరచేతులు తిప్పి చూసి, మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. తొలకరి పునాస వానలు పడ్డాయి. నల్లరేగడి తడిసి ఉబ్బింది, ఎండకు ఎండి నోరు తెరిచింది. బండ ఒకటి రవ్వంత పక్కకు ఒరిగింది. బరువును నిటారుగా మోసే రాయిని నా ఊపు రోజూ పక్కకు లాగుతోంది. ఒక ఉదయం లాగుతుండగా పైన సన్నగా, కంచుగిన్నెకు గోరు తగిలినట్టు, ఒక చప్పుడు వినిపించింది. దిగి చూశాను. బెజ్జం నుంచి కిందికి వెంట్రుకలాంటి గీత.

ఇక్కడే మా ఇల్లు చిక్కులో పడింది. గీత పడిన బండకు వేలాడటం ప్రమాదమని అందరికీ తెలుసు. కానీ దాన్ని పెరికేదెవరు? బొట్టు పెట్టి, దీపం పెట్టి, మొక్కులు మొక్కిన రాయిని పెరికితే ఏమవుతుందోనని అమ్మకు దిగులు. పక్కవీధి వాళ్లయితే పెరకనివ్వరు కూడా. బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకామె అప్పటికే చీర పెట్టిపోయింది. ఎంపికకు ఒక్క నెలే ఉంది. మామకు కబురు పెడితే పులివెందుల నుంచి మండిపడుతూ వచ్చాడు. "గీతనా? అది రాతిలో పుట్టుగీత. నేను పెట్టిన బండ ఇరిగేదేంది?" "వద్దురా తమ్ముడా, నీ ఒళ్లు చూసుకో" అంది అమ్మ, పూలగిన్నె పట్టుకొని బండ దగ్గర నిలబడి. "నా ఒంటికేమక్కా? ఇది నన్ను మోసిందంటే నీ కొడుకును ఒక లెక్కనా?" మామ పంచె ఎగ్గట్టి, ఎగిరి ఇరుసు పట్టుకొని ఒక్క ఊపు ఊగాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. బండ బెజ్జం దగ్గర పలకలు పలకలుగా విడిపోయి, పైముక్క అమ్మ నిలబడిన వైపు ఒరిగింది. నేను అమ్మను ఎప్పుడు లాగానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి ఆమె నా చేతుల్లో ఉంది, పూలగిన్నె బండముక్క కింద రొట్టెలా అణిగి ఉంది. మామ నేల మీద చతికిలబడి, ఇరుసును ఇంకా రెండు చేతులతో పట్టుకొనే ఉన్నాడు. "ఇంగన్నా వదులురా దాన్ని" అంది అమ్మ. మామ వదిలాడు. ఆ మధ్యాహ్నం అన్నం తినకుండానే పులివెందుల బస్సెక్కాడు.

ఆ రాత్రికి నేను ఉద్యోగం ఆశ వదులుకున్నాను. ఏదైనా బడిలో పంతులు పని చూసుకుంటానని నాయనతో చెప్పాను. ఆయన వింటున్నట్టు కూడా కనిపించలేదు. మరునాడు నేను లేచేసరికి మగ్గం మోగడం లేదు. అది మా ఇంట్లో చావు పుట్టుకలకు తప్ప జరగని పని. వెళ్లి చూస్తే నాయన సగం నేసిన పడుగును పసిబిడ్డను చుట్టినట్టు జాగ్రత్తగా చుట్టి, తాళ్లతో కట్టి, గోడకు ఆనించాడు. మగ్గం గుంతలో కాళ్లతో తొక్కే చెక్కలు తీసేశాడు. మిగిలింది ఉత్త చట్రం. నేలలోకి దిగిన నాలుగు గుంజలు, వాటి పైన పిడికిట్లో ఇమిడే అడ్డకర్ర, రెండు పక్కలా నడుమెత్తున సమాంతరంగా పోయే టేకు పట్టెలు, మధ్యలో కాళ్లు పెట్టుకునే గుంత. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఉస్తాదు చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి. నాయన మగ్గాన్ని ఆపవచ్చు అన్న ఆలోచన మాత్రం మాలో ఎవరికీ రాలేదు.

"పడుగు ఏం గావాల నాయనా?" అన్నాను. "నెల నిద్రపోతాది. తర్వాత లేపుతా. నువ్వు పట్టుకో" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. దసరాకు పసుపు, కుంకుమ పెట్టి పూజించే మగ్గం అది. దూలానికీ, బండకూ చెప్పిన అడ్డు దీనికి చెప్పదా? అమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటూ, "దేనికట్ల చూస్తాండావు? కాళ్లు లోపల పెట్టించుకునే దేవుడు ఇదొక్కటే గదా. మీ తాత పెట్టినాడు, మీ నాయన పెట్టినాడు. నువ్వూ పెట్టు" అంది. కాళ్లు గుంతలోకి వేలాడేసి ఆ కర్ర పట్టుకున్నాను. అది బండలాగా మొండికేయలేదు, కొంచెం వంగి మళ్లీ లేచింది. నాయన గుంజ పక్కన కూర్చొని, చట్రం కదులుతుందేమోనని ప్రతిరోజూ దాని మీద చెయ్యి వేసి ఉంచేవాడు.

కడప మైదానంలో నా పేరు పిలిచినప్పుడు, బారు దగ్గరకు వెళ్లి, అలవాటు కొద్దీ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. "ఏమయ్యా, మొక్కేది దానికా, నాకా?" అని అధికారి అడిగాడు. చుట్టూ నవ్వులు. "మా ఇంట్లో ఇట్లనే మొదలుపెడతాం సార్" అన్నాను. తరువాత పట్టుకున్నాను. గడ్డం పైకి వెళ్లింది, మళ్లీ వెళ్లింది, ఆయన చాలన్నదాకా వెళ్లింది. జంట బార్ల మీద నా కాళ్లు అక్కడ లేని మగ్గం గుంత కోసం వెతుక్కోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఉద్యోగం వచ్చింది, జీవితమంతా గడిచింది. విరిగిన బండ మొదలు ఇప్పుడు చిన్న గుడి. పైన రేకుల పందిరి, శుక్రవారం రంగుదీపాలు. బండలమ్మ అంటారు. అక్కడ మొదట ఏముండేదో చెబితే నమ్మేవాళ్లు లేరు. నేనూ చెప్పడం మానేశాను. వెళ్లినప్పుడు మొక్కి వస్తాను, నాకు ఆ అలవాటు పాతదే. మామ ఆ సిగ్గు నుంచి కోలుకోవడానికి రెండు పండుగలు పట్టింది. ఆ తరువాత, బండ విరిగింది కాబట్టే అల్లుడికి ఉద్యోగం వచ్చిందని పులివెందులలో చెప్పుకుంటూ తిరిగాడు.

శిక్షణ ముగించుకొని మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు నాయన మగ్గం మీద ఉన్నాడు. పై అడ్డకర్ర మధ్యలో కొంచెం కిందికి వంగి ఉంది. ఆ నెల రోజుల నా బరువు. వంపు వల్ల నేత ఒక పక్కకు జారుతోందని, ఆ కర్రకు కట్టిన తాడు ముడి కింద చిన్న వెదురుముక్క దోపి సరిపెట్టుకుంటున్నాడు. కొత్త కర్ర వేయిద్దామన్నాను. "బాగనే ఉండాది, ఉండనీ" అన్నాడు. ఆ తరువాత వచ్చిన ప్రతిసారీ అదే మాట. మనవరాలి బారు రేపు వస్తుందట, ఎంతో బరువు మోసినా వంగదట. ఆ కర్ర మార్చడానికి నాయనకు ఒక్క పూట చాలేది. ఆయన మాత్రం బ్రతికినంతకాలం, పొద్దున్నే వెదురుముక్క సర్దుకొని, ఆ వంపు కిందనే కూర్చొని నేశాడు.